రెండు లక్షల్లో మొదటి కారు: బెజవాడలో దేన్ని తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి

రెండు, రెండున్నర లక్షల్లో మొదటి కారు కొందామనుకునే వాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. ఆల్టో తీసుకోవాలా, వ్యాగన్‌ఆరా, ఐ10 కారా, లేకపోతే కాస్త పాతదైనా స్విఫ్ట్ డీజిలా? ఈ ధరలో ఆ ప్రశ్నకు నేను రెండో స్థానమే ఇస్తాను. పుష్కరకాలం తిరిగిన రెండు ఆల్టోల మధ్య ఉండే తేడా, ఆల్టోకీ ఐ10కీ మధ్య ఉండే తేడా కంటే చాలా పెద్దది. ఒకటి ఒకే ఇంట్లో ఉండి, ఒకే మెకానిక్ చేతి మీదుగా సర్వీసు చేయించుకుంటూ వచ్చి ఉంటుంది. ఇంకోటి నలుగురి చేతులు మారి, ఎక్కడో గుద్దుకుని, ఒకసారి నీళ్లలో నాని, మొన్ననే పెయింట్ వేయించుకుని అమ్మకానికి నిలబడి ఉంటుంది. చూడ్డానికి రెండోదే బాగుంటుంది.

అందుకని ముందు బండి చరిత్రను పోల్చండి. తర్వాత ఇప్పుడున్న కండిషన్ చూడండి. మోడల్ ఏదనేది ఆ తర్వాత. ఇక్కడ చెప్పేదంతా నలుగురున్న ఇల్లు, నెలకు నాలుగైదు వందల కిలోమీటర్ల వాడకం, ఇప్పుడిప్పుడే స్టీరింగ్ పట్టిన డ్రైవరు అన్న లెక్కతోనే. చేతిలో రెండు లక్షలుంటే రెండు లక్షల బండి చూడకండి, లక్షా అరవై వేల బండి చూడండి. మిగతా నలభై వేలు ట్రాన్స్‌ఫర్‌కీ, ఇన్సూరెన్సుకీ, టైర్లకీ, బ్యాటరీకీ కచ్చితంగా అవసరమవుతాయి. ఆ డబ్బు విడిగా ఉంచుకోనివాళ్లు అరిగిన టైర్లతోనే ఏడాది తిప్పుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది మంచిది కాదు.

ఎవరి దగ్గర కొనాలి

తెలిసిన ఓనరు దగ్గర నేరుగా కొనడమే నా మొదటి సలహా. ఆఫీసులో తోటి ఉద్యోగి కావచ్చు, వీధి చివర రిటైరైన మాస్టారు కావచ్చు, పిల్లలు అమెరికా వెళ్లాక బంధువుల ఇంట్లో ఉండిపోయిన కారు కావచ్చు. బండి ఎండలో ఉండేదా నీడలో ఉండేదా, ఎవరు నడిపేవాళ్లు, ఏ షెడ్డులో సర్వీసు చేయించేవాళ్లు అన్నవి అడిగితే తెలుస్తాయి. ఆ మెకానిక్ దగ్గరికి మీరే వెళ్లి మాట్లాడొచ్చు. అయితే ఇలాంటి చోట మొహమాటం అడ్డొస్తుంది. మనవాళ్లే కదా అని బేరం ఆడరు, మనవాళ్లే కదా అని ట్రాన్స్‌ఫర్ ఆర్నెల్లు నాన్చుతారు. ఈలోపు బండి ఎవరికైనా తగిలితే కేసు ఆర్‌సీలో పేరున్న మనిషి మీదికి వస్తుంది. బంధుత్వం నిలవాలంటే కాగితాల పని ముందే పూర్తిచేయండి.

ఇంకో మాట. ‘షెడ్డులోనే ఉండిపోయింది, అస్సలు తిరగలేదు’ అన్నది పొగడ్తలా చెబుతారు గానీ, రెండేళ్లు కదలని బండికి దాని సమస్యలు దానికుంటాయి. టైర్లు గట్టిపడి పగుళ్లిస్తాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. నెలకోసారైనా తిరిగిన బండే మేలు.

పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీల్లో ఉన్న లాభం ఏమిటంటే ఒకేచోట పదీ పదిహేను బళ్లు చూడొచ్చు, బేరానికి చోటుంటుంది. లోపం ఏమిటంటే బండిని వాడిన మనిషి అక్కడ ఉండడు. వాళ్లు కొన్నాక బండికి పాలిష్ పట్టించి, సీట్ కవర్లు మార్చి, ఇంజన్ గది నీళ్లతో కడిగి నిలబెడతారు. ఆయిల్ కారిన జాడలు దాంతో పోతాయి. అందుకని ‘ఆర్‌సీలో ఉన్న ఓనరుతో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి’ అని అడగండి. వెంటనే ఒప్పుకుంటే మంచి సూచన. పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ధ్రువీకరణ తీసుకోవాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. అది ఉందో లేదో అడిగే హక్కు మీకుంది.

మారుతి ట్రూ వాల్యూ, హ్యుందాయ్ ప్రామిస్ లాంటి కంపెనీల షోరూముల్లో కాగితాలు శుభ్రంగా ఉంటాయి, కొన్ని బళ్లకు వారంటీ కూడా ఇస్తారు. కానీ అక్కడ ఎక్కువగా దొరికేవి కొత్త మోడళ్లు. రెండు లక్షలకు తగ్గ బండి అరుదుగానే కనిపిస్తుంది. మీరు నాలుగు లక్షల దాకా పోగలిగితే మాత్రం అక్కడికే ముందు వెళ్లండి. యాప్‌లు ఇచ్చే తనిఖీ రిపోర్టు ఉపయోగపడుతుంది, అయినా మీ మెకానిక్ చూడకుండా డబ్బు కట్టకండి. ఇక ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసి వేలం వేసే బళ్ల జోలికి మొదటిసారి కొనేవాళ్లు వెళ్లొద్దు. చాలాసార్లు నడిపి చూసుకునే వీలు కూడా ఉండదు.

ఎప్పుడు కొనాలన్నదీ ఆలోచించండి. దసరాకు ముందు అందరూ కారు కొని అమ్మవారి దగ్గర పూజ చేయించాలనుకుంటారు కాబట్టి ధర దిగదు. ఆషాఢంలో అడిగేవాళ్లు తక్కువ. పట్టింపు ఉంటే బేరం, అడ్వాన్సు అప్పుడు చేసుకుని, బండి శ్రావణంలో ఇంటికి తెచ్చుకోవచ్చు. ‘రేపు మంచిరోజు, ఎల్లుండి నుంచి మూఢం’ అని ఎవరైనా తొందరపెడితే ఆ తొందరలో చూడాల్సినవి చూడకుండా వదిలేస్తాం. మంచిరోజులు మళ్లీ వస్తాయి.

ఏ ఊరి బండి

ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అని నంబరు చూసి చెప్పే రోజులు పోయాయి. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలైంది. కాబట్టి మొదట ఏ కార్యాలయంలో రిజిస్టరైందో ఆర్‌సీలో చూడాలి. బందరు, బాపట్ల, చీరాల వైపు సముద్రం దగ్గర పెరిగిన బండైతే కింద పడుకుని చాసిస్, సైలెన్సర్, తలుపుల అడుగు అంచులు చూడాల్సిందే. ఉప్పుగాలికి తుప్పు లోపలి నుంచి తింటుంది, పైన పెయింట్ మామూలుగానే ఉంటుంది.

హైదరాబాద్ బళ్లు ధరలో ఊరిస్తాయి. అక్కడ బళ్లు ఎక్కువ, పోటీ ఎక్కువ. కానీ తెలంగాణ నంబరు బండి తెచ్చి ఇక్కడే శాశ్వతంగా తిప్పాలంటే అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే నంబరు మార్చుకోవాలని చట్టమే చెబుతోంది. ఇవన్నీ కలిపాక కూడా ధర తక్కువైతేనే అది లాభం. ట్యాక్స్ ఎంతవుతుందో అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్‌టీవో కార్యాలయంలో కనుక్కోండి. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బళ్ల సంగతి వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలు పెట్టడంతో అవి తక్కువ ధరకు దక్షిణాదికి వస్తున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు ఏరుకోగలరు. మొదటి కారుగా నేను వద్దనే చెబుతాను. ఆ బండిని వాడిన మనిషినీ, బాగుచేసిన మెకానిక్‌నూ వెతుక్కుంటూ మీరు అంతదూరం పోలేరు.

పెట్రోలా, డీజిలా, గ్యాసా

లెక్క వేసి చూద్దాం. నెలకు ఐదు వందల కిలోమీటర్లు. పెట్రోల్ ఆల్టో ఊళ్లో లీటరుకు పదిహేను ఇచ్చిందనుకుంటే ముప్ఫైమూడు లీటర్లు కావాలి. డీజిల్ స్విఫ్ట్ పద్దెనిమిది ఇస్తే ఇరవై ఎనిమిది లీటర్లు. పెట్రోల్ 110, డీజిల్ 97 చొప్పున వేసుకున్నా నెలకు మిగిలేది వెయ్యి లోపే. పాత డీజిల్ ఇంజన్లో ఇంజెక్టరో, టర్బోనో ఒక్కసారి రిపేరుకొస్తే ఏడాది మొత్తం మిగిలింది ఆ బిల్లుకే పోతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిల్ సరే. మిగతా అందరికీ పెట్రోలే.

గ్యాస్ బండి చూస్తుంటే కిట్ సంగతి ఆర్‌సీలో ఎక్కించారో లేదో మొదట చూడండి. ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర చిక్కే. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి, ఆ తేదీ చూడండి. గ్యాస్ మీద ఒకసారి, పెట్రోల్ మీద ఒకసారి నడిపి చూడండి. కొందరు ఏళ్ల తరబడి గ్యాస్ మీదే తిప్పుతారు, పెట్రోల్ వైపు తిప్పగానే ఇంజన్ వణుకుతుంది.

మోడళ్ల సంగతి

ఈ ధరలో నా వరస ఇది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వ్యాగన్‌ఆర్. ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సులువుగా ఎక్కి దిగుతారు, డ్రైవరుకు రోడ్డు బాగా కనిపిస్తుంది. 2010 నుంచి వచ్చిన వాటిలో 998 సీసీ ఇంజన్ ఉంది, అది గట్టిది. అదే ఇంజన్ ఆల్టో కె10లోనూ ఉంటుంది. వన్ టౌన్ సందుల్లో, బీసెంట్ రోడ్ చుట్టుపక్కల పార్కింగ్ దొరక్క తిరిగేవాళ్లకు చిన్న బండిగా అదే నా ఎంపిక. 2012 అక్టోబరులో వచ్చిన ఆల్టో 800 ఇంకా చవక, దాని 796 సీసీ ఇంజన్‌కు తెలియని మెకానిక్ ఉండడు, కానీ నలుగురు ఎక్కి ఏసీ వేస్తే ఫ్లైఓవర్ మీద నీరసపడుతుంది. ఐ10 లోపల కూర్చుంటే వీటన్నిటికంటే హాయిగా ఉంటుంది. దాంట్లో 1.1 ఇంజన్‌కూ, ఆల్టో 800కూ టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే రబ్బరు పట్టీ, గడువు ప్రకారం మార్చాలి) ఉంటుందని గుర్తుంచుకోండి. బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, కొనగానే మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కె10, వ్యాగన్‌ఆర్ 998 సీసీ, ఐ10 1.2 కప్పా ఇంజన్లకు చైన్ ఉంటుంది, ఆ బాధ లేదు.

షెవ్రోలే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది, డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. వీటిలో మంచి బళ్లున్నాయి, పైగా చవక. ఆటోనగర్‌లో వెతికితే చాలా సామాను దొరుకుతుంది. కానీ ఒక చిన్న సామాను కోసం వారం బండి ఆగిపోతే తట్టుకునే ఓపిక మొదటి కారు కొన్నవాళ్లకు ఉండదు. తెలిసిన మెకానిక్ ‘నేను చూసుకుంటా’ అంటే తప్ప వద్దు.

భద్రత గురించి దాపరికం లేకుండా చెప్పాలి. 2014 జనవరిలో, కార్లను గుద్దించి భద్రత చూసే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ చేసిన పరీక్షల్లో ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, ఐ10, నానో, ఫిగో, పోలో అన్నిటికీ సున్నా స్టార్లే వచ్చాయి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యింది 2019 జులై నుంచి. కాబట్టి ఈ ధరలో దొరికే బళ్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగ్ ఉండదు. ఒకే మోడల్లో ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న వేరియంట్ దొరికితే పది పదిహేను వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. అల్లాయ్ వీల్స్‌కీ, పెద్ద స్క్రీన్‌కీ పెట్టే డబ్బు దీనికి పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో తాళం తిప్పగానే మీటర్‌లో ఆ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. వెలిగే ఉంటే లోపం. అసలు వెలగకపోతే ఇంకా అనుమానం, ఎయిర్‌బ్యాగ్ ఒకసారి పేలిపోయాక బల్బు తీసేసి ఉండొచ్చు.

బుడమేరు నీళ్లు చూసిన బండి

బెజవాడ చుట్టుపక్కల కారు కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనిమీదే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిపోయాయి. నీళ్లు ఒక్క పూటలో తీయలేదు, రోజుల తరబడి నిలిచాయి. ఇళ్ల ముందు, సెల్లార్లలో ఉన్న కార్లు ఆ బురదలోనే నానాయి. అలాంటి బండిని శుభ్రం చేసి, ఎండబెట్టి, కొత్త సీట్లు వేస్తే పైకి ఏమీ తెలియదు. నడుస్తుంది కూడా. ఆరు నెలలకో ఏడాదికో వైర్ల కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి ఒకరోజు సెల్ఫ్ పనిచేయదు, ఇంకోరోజు పవర్ విండో దిగదు, మరోరోజు హైవే మీద ఇంజన్ ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్ ఒక్కో వైరూ పట్టుకుని వెతకాలి. ఇలాంటి బండి ఎంత చవకైనా వదిలేయండి. గుంటూరులోనో తెనాలిలోనో కొంటున్నాం కదా, మనకెందుకు అనుకోవద్దు. మునిగిన బండిని మునిగిన ఊళ్లోనే అమ్మాలని ఎవరూ అనుకోరు.

కనిపెట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. పైన తెల్లగా ఉన్నా, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి మూర బురద రంగు తిరిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. బెల్టు కొత్తగా మార్చి ఉంటే, అంత పాత బండికి బెల్టు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి. ఫుట్ మ్యాట్ తీసి, కింద కార్పెట్ అంచు లేపి, చేయి పెట్టి తడీ మట్టీ ఉన్నాయేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలో చూడండి. సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద ఇనుప బద్దలు తుప్పు పట్టి ఉంటే అంతవరకు నీళ్లు వచ్చినట్టే. హెడ్‌లైట్ లోపల నీటి గీత కనిపిస్తుంది. ఫ్యూజ్ బాక్సు మూత తీస్తే సందుల్లో సన్నటి ఒండ్రు ఉంటుంది, దాన్ని పూర్తిగా కడగడం ఎవరివల్లా కాదు. అద్దాలన్నీ ఎక్కించి ఏసీ పెట్టి, కాసేపయ్యాక హీటర్ పెట్టండి. ముక్కిన వాసన వస్తే, డ్యాష్‌బోర్డు మీద ఎంత ఘాటైన సెంటు సీసా ఉన్నా నమ్మకండి.

ఇంకో దారి కంపెనీ సర్వీసు రికార్డు. అమ్మేవాళ్ల అనుమతితో బండి నంబరు చెప్పి సర్వీసు సెంటర్లో చరిత్ర అడగండి. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య పెద్ద ఇన్సూరెన్సు క్లెయిమ్ కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. ఇదే రికార్డులో ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లూ ఉంటాయి కాబట్టి మీటర్ వెనక్కి తిప్పారా లేదా అన్నదీ బయటపడుతుంది.

చూడటానికి వెళ్లినప్పుడు

పొద్దున్నే వెళ్లండి. ‘మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. చల్లగా ఉన్న ఇంజన్ మాత్రమే నిజం చెబుతుంది. ఒక్క సెల్ఫ్‌కు అందుకోవాలి. వెనక సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీలంగా పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, త్వరలో బోర్ పని (ఇంజన్ విప్పి చేసే పెద్ద రిపేరు) వస్తుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత తీస్తే లోపల కాఫీ నురగ లాంటి జిడ్డు ఉన్నా అదే అర్థం. ఇంజన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ లాగి, ఆ గొట్టంలోంచి పొగ గుప్పున తన్నుతోందేమో చూడండి. తన్నితే బేరం కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయండి.

బాడీ చూడటానికి ఒక చిట్కా చెబుతాను. మెకానిక్‌తో పాటు టింకరింగ్ చేసే మేస్త్రినీ తీసుకెళ్లండి. ఇంజన్ గురించి ఊళ్లో అందరూ మాట్లాడతారు, గుద్దిన బండిని మాత్రం టింకరింగ్ మేస్త్రి పది అడుగుల దూరం నుంచే గుర్తుపడతాడు. ఆటోనగర్‌లో ఇంజన్‌కు ఒకరు, ఏసీకి ఒకరు, కరెంటు పనికి ఒకరు, బాడీకి ఒకరు ఉన్నారు కాబట్టి ఇది కష్టమేమీ కాదు. ముందే ఇంత ఇస్తామని ఫీజు మాట్లాడుకోండి. బండి కొన్నా కొనకపోయినా ఇవ్వండి. అప్పుడే అతను మీ మనిషిగా చూస్తాడు.

మీరు స్వయంగా చూడగలిగినవీ ఉన్నాయి. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింట్ చెదిరి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారు. తలుపు రబ్బరు బీడింగ్ కొంచెం లాగితే కింద కంపెనీ వేసిన చుక్క వెల్డింగులు ఒకే దూరంలో వరసగా కనిపించాలి. వంకర టింకరగా ఉంటే, నునుపుగా లప్పం పూసేసి ఉంటే, అక్కడ కోసి అతికారు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి, లప్పం మందంగా ఉన్నచోట అంటుకోదు. బంపర్ గీతలు, తలుపు మీద సొట్టలు పట్టించుకోవద్దు. ముందు ఏప్రాన్లు (బానెట్ కింద చక్రాల పక్కన ఉండే ఇనుప గోడలు), పిల్లర్లు (పైకప్పును మోసే స్తంభాలు), డిక్కీ అడుగు దెబ్బతిన్న బండి మాత్రం వద్దే వద్దు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం. బండి ముప్ఫై వేలే తిరిగిందని మీటర్ చూపిస్తూ, టైర్లు రెండో జత అయితే లెక్క కుదరదు. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ పైభాగం, డ్రైవర్ సీటు అంచు ఎంత అరిగాయో చూస్తే మీటర్ అవసరం కూడా ఉండదు.

నడిపి చూడటానికి కాలనీలో రెండు రౌండ్లు చాలవు. అరగంటైనా కావాలి. మీకు చేయి తిరగకపోతే తెలిసిన డ్రైవరును పెట్టుకోండి. బెంజ్ సర్కిల్ రద్దీలో ఏసీ వేసి పాకించండి. టెంపరేచర్ ముల్లు లేస్తుందా, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. వారధి మీద జాయింట్లు దాటేటప్పుడు పాటలు ఆపి వినండి, సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్లు పోయి ఉంటే టకటకమని చెబుతాయి. మంగళగిరి వైపు హైవే ఖాళీగా ఉన్నచోట ఎనభైలో స్టీరింగ్ వణుకుతోందా, వదులుగా పట్టుకుంటే ఒక పక్కకు లాగుతోందా గమనించండి. దుర్గమ్మ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టు. ఏసీని మాత్రం మధ్యాహ్నం ఇంకోసారి చూడండి. మన మే నెల ఎండకు చల్లబరచలేని ఏసీ జనవరి పొద్దున బాగానే పనిచేస్తుంది.

రెండు బళ్ల మధ్య తేల్చుకోవడం

చివరికి ఇలాంటి రెండు బళ్లు ఎదురుగా నిలబడతాయనుకుందాం. ఒకటి 2013 ఆల్టో కె10, మొదటి ఓనరే, అరవై రెండు వేలు తిరిగింది, సర్వీసు బిల్లులున్నాయి, రంగు వెలిసింది, టైర్లు అరిగాయి, లక్షా డెబ్బై. ఇంకోటి 2012 స్విఫ్ట్ డీజిల్, మూడో ఓనరు, మీటర్ డెబ్బై ఎనిమిది వేలు చూపిస్తోంది, తళతళలాడుతోంది, లక్షా తొంభై. ఇంట్లో పిల్లలు స్విఫ్టే అంటారు.

స్విఫ్ట్ మీటర్‌నే మొదట చూడండి. పుష్కరం దాటిన డీజిల్ బండి ఏడాదికి ఆరు వేల చిల్లర కిలోమీటర్లే తిరిగిందట. రోజుకు పద్దెనిమిది కూడా కాదు. అంత తక్కువ తిరిగేవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టి డీజిల్ ఎందుకు కొన్నారు? సర్వీసు రికార్డు తెచ్చి చూపిస్తే సరే, లేకపోతే ఆ అంకెను లెక్కలోకే తీసుకోవద్దు. ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మార్చిందేమో పాత ఆర్‌సీ వివరాలు అడగండి. ఇన్సూరెన్సులోనూ తేడా ఉంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీకి 3,416, ఆ పైన జీఎస్టీ. ఇక ఆర్‌సీ గడువు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. స్విఫ్ట్‌కు 2027లో, ఆల్టోకు 2028లో అయిపోతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్సూ రెన్యువల్ ఫీజూ కట్టి ఐదేళ్లు పొడిగించుకోవాలి. చవక బళ్లలో చాలావాటిని ఈ గడువు దగ్గరపడే అమ్ముతుంటారు, ఆ ఖర్చు బేరంలో కలపండి.

ఆల్టోకు టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు అన్నీ మార్చినా రెండు లక్షల్లోనే అయిపోతుంది, ఏం మార్చాలో ఇవాళే తెలుసు. స్విఫ్ట్‌కు ఏం రాబోతోందో అమ్మేవాళ్లు కూడా చెప్పలేరు. నేనైతే ఆల్టో తీసుకోమంటాను. కొత్త చేతికి నాలుగు సొట్టలు ఎలాగూ పడతాయి, ఆ సొట్టలు చవక సామాను దొరికే బండికి పడటమే మంచిది. నెలకు రెండు వేల కిలోమీటర్లు ఏలూరు, గుంటూరు తిరిగే పని ఉండి, స్విఫ్ట్ రికార్డు నిజమని తేలితే మాత్రం నా సలహా మారుతుంది.

కాగితాలు

బేరం కుదిరినా ఒకరోజు ఆగి ఇవి చూసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్స్ ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి తెలుస్తాయి. ఆర్‌సీలోని చాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీద కొట్టిన నంబర్లతో అంకె అంకె పోల్చండి. అమ్మే మనిషి ఆధార్ పేరు, ఆర్‌సీ పేరు ఒకటే ఉండాలి. ఓనరు చనిపోయి కొడుకు అమ్ముతుంటే ముందు అతని పేరు మీదికి మారాకే కొనండి. లోన్ తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటే, బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఇచ్చి ఆ పేరు తీయించాలి. ఆ పని అమ్మేవాళ్ల ఖర్చుతో జరగాలి. ఈ-చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో వాళ్ల ముందే చూసి కట్టించండి.

ట్రాన్స్‌ఫర్‌కు ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీవోకు తెలపాలి, కొన్నవాళ్లు ముప్ఫై రోజుల్లో పేరు మార్పించుకోవాలి. తేదీ వేయని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ‘ఎప్పుడైనా చేసుకోండి’ అంటే ఒప్పుకోకండి. డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకు ద్వారానే పంపండి. బండి తీసుకున్న తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆ రోజు పొద్దున ఎక్కడో కెమెరాకు చిక్కిన చలాన్ ఎవరిదో తేల్చడానికి ఆ సమయమే పనికొస్తుంది. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా పద్నాలుగు రోజుల్లోపు చెప్పి పాలసీ మీ పేరు మీదికి మార్పించండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనకే చెందుతుంది, ఆ తేడా డబ్బు మీరు కట్టాలి.

బండి ఇంటికొచ్చాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి. పాత ఓనరు ‘మొన్ననే మార్చాం’ అన్నా సరే. మీ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. అద్దం మీది పాత ఫాస్టాగ్‌ను ఆయనతోనే క్లోజ్ చేయించి, మీ పేరున కొత్తది తీసుకోండి. లేకపోతే మీరు గుంటూరు వెళ్లిన ప్రతిసారీ కాజ టోల్ దగ్గర డబ్బు ఆయన ఖాతాలోంచి పోతుంది, లేదా ఆయన బ్లాక్ చేయించిన రోజు మీరు గేటు దగ్గర ఆగిపోతారు.